ముప్పై ఎనిమిది రోజుల స్పిట్‌ఫైర్

ప్లాస్టిక్ మోడల్ విమానం కిట్ డబ్బా తెరిచి, ముక్కలు అతికి ఉండే స్ప్రూ చట్రాలన్నీ బల్ల మీద పరిచిన రోజు మా అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. పదకొండేళ్ల పిల్ల. రెక్క సగాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "నాన్నా, ఇది ఎవరి విమానం?" అంది.

"స్పిట్‌ఫైర్ తల్లీ. మార్క్ 9."

"అది పేరు. ఎవరిదీ అని అడుగుతున్నా."

నా దగ్గర జవాబు లేదు. రెండో ప్రపంచయుద్ధం నాటి బ్రిటిష్ ఫైటర్ అని తెలుసు, అంతే. పదిహేనేళ్లుగా మోడళ్లు కడుతున్నాను. 1/72, 1/48 స్కేళ్లలో, అంటే అసలు విమానంలో 72వ వంతు, 48వ వంతు కొలతల్లో చేసినవి అద్దాల బీరువాలో వరసగా ఉన్నాయి. వాటిలో ఒక్కదాన్ని చూపించి కూడా, ఇది ఫలానా మనిషి ఫలానా రోజున ఎగరేసిన విమానమని చెప్పలేను. డబ్బాలో వచ్చిన డెకాల్స్, అంటే గుర్తులూ అక్షరాలూ అచ్చువేసిన పలచటి పొరలు, అతికించాను, కాగితం మీద చెప్పిన రంగు వేశాను, అంతవరకే. ఆ సాయంత్రం స్ప్రూలన్నీ మళ్లీ డబ్బాలో సర్దేశాను. మొదటి ముక్క కోయడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ చదవడమే పని.

ఈ కిట్ స్కేలు 1/32. అంటే అడుగుకు 3/8 అంగుళం. మార్క్ 9 రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు 11.23 మీటర్లు. బల్ల మీదికొచ్చేసరికి అది 35 సెంటీమీటర్లు. ముక్కు నుంచి తోక దాకా దాదాపు 30. నేను మెషిన్ డ్రాయింగులు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఇరవై రెండేళ్లుగా స్కేళ్ల మధ్యే బతుకుతున్నాను. అయినా ఈ పరిమాణంలో విమానాన్ని చేతిలోకి తీసుకుంటే కొత్తగా అనిపించింది. 1/72లో కాక్‌పిట్ అంటే గోరంత చోటు. ముదురు రంగు వేసి పైన కానపీ అనే అద్దపు మూత మూసేస్తే లోపల ఏముందని ఎవరూ అడగరు. 1/32లో అది ఐదున్నర సెంటీమీటర్ల మనిషి కాళ్లు చాపుకుని కూర్చునే చోటు. గడియారాల్లో ముళ్లు కనిపిస్తాయి. సీటు పట్టీలకున్న కన్నాలు కనిపిస్తాయి. చిన్న స్కేల్లో కన్ను తనంతట తనే పూరించుకునేదంతా ఇక్కడ మన చేత్తో చేసి పెట్టాల్సిందే. చేయకపోతే ఆ ఖాళీ వైపే చూపు పోతుంది.

నేను తీసుకున్నది టామియా 2009లో విడుదల చేసిన కిట్. ఇంజిన్ మూతలు చిన్న అయస్కాంతాలతో పట్టుకుని ఉంటాయి. తీస్తే లోపల మెర్లిన్ ఇంజిన్ మొత్తం ఉంటుంది. అచ్చుల పనితనం గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు, చాలామంది చెప్పారు. నా ఇబ్బంది కిట్‌తో కాదు, మా అమ్మాయి ప్రశ్నతో.

మార్క్ 9 పుట్టుక ఒక అవసరం వల్ల జరిగింది. 1941 చివర్లో జర్మన్ల ఫాకే-వుల్ఫ్ 190 రంగంలోకి వచ్చాక అప్పటి స్పిట్‌ఫైర్ మార్క్ 5 దాని ముందు వెలవెలబోయింది. పూర్తిగా కొత్త విమానం గీసే వ్యవధి లేదు. అందుకని ఉన్న మార్క్ 5 శరీరంలోనే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే సూపర్‌చార్జర్ రెండు దశల్లో ఉన్న మెర్లిన్ 61 ఇంజిన్‌ను కూర్చారు. ముక్కు పొడవైంది, ప్రొపెల్లర్‌కు నాలుగు రెక్కలొచ్చాయి, విమానం రెండు రెక్కల కిందా ఒకేలాంటి రేడియేటర్లు వచ్చాయి. 1942 జూలైలో హార్న్‌చర్చ్‌లోని 64వ స్క్వాడ్రన్‌కు మొదట అందింది. అప్పటికి గండం గట్టెక్కితే చాలని చేసిన ఏర్పాటు యుద్ధం చివరిదాకా నిలిచింది. డ్రాఫ్ట్స్‌మన్‌గా నాకు ఈ కథ బాగా నచ్చుతుంది. ఉన్న డ్రాయింగును చింపెయ్యకుండా, అందులోనే కొత్త ఇంజిన్‌కు చోటు చేసిన వాళ్ల తెలివి అది.

స్పిట్‌ఫైర్లు అన్ని రకాలూ కలిపి ఇరవై వేలకు పైనే తయారయ్యాయి. వాటిలోంచి ఒకదాన్ని ఎంచుకోవాలి. చదువుతూ పోతుంటే ఒక సీరియల్ నంబర్ దగ్గర ఆగిపోయాను. ఎంఎల్407.

కాసిల్ బ్రామిచ్ ఫ్యాక్టరీలో తయారైన విమానం. 1944 ఏప్రిల్ 29న దాన్ని 485వ న్యూజిలాండ్ స్క్వాడ్రన్‌కు నడిపి తెచ్చి అప్పగించింది జాకీ మాగ్రిడ్జ్ అనే ఆవిడ. ఫ్యాక్టరీల నుంచి స్క్వాడ్రన్లకు విమానాలు చేరవేసే ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ ఆగ్జిలరీలో ఆవిడ పైలట్. స్క్వాడ్రన్‌లో దాన్ని నడిపింది ఫ్లయింగ్ ఆఫీసర్ జానీ హౌల్టన్. శరీరం మీద అక్షరాలు ఓయూ-వీ. 1944 జూన్ 6న, అంటే నార్మండీ తీరంలో మిత్రరాజ్యాల సేనలు దిగిన రోజు మధ్యాహ్నం, హౌల్టన్ జంకర్స్ 88 అనే జర్మన్ బాంబర్‌ను కూల్చాడు. ఆ రోజు ఆ తీరం మీద కూలిన మొదటి శత్రు విమానం అదేనని ఆయన పేరిట నమోదైంది. ఆ తర్వాత ఎంఎల్407 చేతులు మారుతూ మొత్తం ఆరు స్క్వాడ్రన్లలో పనిచేసి, 176 సార్లు యుద్ధానికి వెళ్లి, 319 గంటలు ఎగిరింది. యుద్ధం అయ్యాక దాన్ని రెండు సీట్ల శిక్షణ విమానంగా మార్చి ఐర్లండ్ వాయుసేనకు ఇచ్చారు. చివరికి విడిభాగాలుగా మిగిలినదాన్ని నిక్ గ్రేస్ అనే ఇంజినీర్ బాగుచేసి 1985లో మళ్లీ గాల్లోకి లేపాడు. 1988లో ఆయన పోయాక ఆయన భార్య కారొలిన్ గ్రేస్ దాన్ని నడపడం నేర్చుకుని ఏళ్ల తరబడి ఎగరేసింది. తొలిరోజు దాన్ని తెచ్చి అప్పగించిన జాకీ మాగ్రిడ్జ్ యాభై ఏళ్ల తర్వాత, 1994లో, మళ్లీ అదే విమానం ఎక్కి నడిపింది.

ఇదంతా మా అమ్మాయికి చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే ఇది జాకీ గారి విమానం" అని తేల్చేసింది. హౌల్టన్‌ది కదా తల్లీ అన్నాను. "ఆయన తర్వాత వచ్చాడుగా" అంది. డబ్బా మూత లోపల పెన్సిల్‌తో ఆ పేరే రాసింది. నేను చెరపలేదు.

విమానం దొరికింది. ఇక రోజు కావాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, నా అనుభవంలో మోడల్ మంచిదయ్యేదీ, ఏదో ఒక బొమ్మగా మిగిలిపోయేదీ ఇక్కడే తేలుతుంది. స్పిట్‌ఫైర్ రంగులు నెల నెలకూ మారాయి. తోక దగ్గర లేత ఆకుపచ్చ పట్టీ, అదే రంగు స్పిన్నర్ (ప్రొపెల్లర్ మధ్యలోని మొన) 1944లో ఉన్నాయి. 1945 జనవరి తర్వాత యూరప్‌లోని టాక్టికల్ ఎయిర్ ఫోర్స్ విమానాల మీద పట్టీ కప్పేశారు, స్పిన్నర్ నల్లగా మార్చారు. నార్మండీ దండయాత్ర కోసం వేసిన నలుపు తెలుపు చారలు రెక్కల పైనా కిందా పూర్తిగా ఉన్నది సుమారు ఒక్క నెల మాత్రమే. జూలై మొదట్లోనే పైభాగాల మీద తీసెయ్యమన్నారు. సంవత్సరం చెబితే చాలదు, నెల చెప్పాలి. వీలైతే పూట కూడా చెప్పాలి.

నేను 1944 జూన్ 6 పొద్దున్న అనుకున్నాను. హౌల్టన్ ఇంకా ఆ జంకర్స్‌ను చూడని పూట.

అలా అనుకుని కాగితం మీద ఒక లెక్క వేశాను. ఏప్రిల్ 29 నుంచి జూన్ 6 దాకా ఎన్ని రోజులు? ముప్పై ఎనిమిది. ఆ లెక్కతో నేను మనసులో అనుకున్న రూపమంతా తలకిందులైంది. రెక్కల మీద రంగు పెచ్చులూడి అల్యూమినియం బయటపడినట్టు చేద్దామనుకున్నాను. హెయిర్‌స్ప్రే పద్ధతిలో పెచ్చులు తీయడం నాకు బాగా చేతనైన పని, చూసేవాళ్లూ మెచ్చుకుంటారు. కానీ ముప్పై ఎనిమిది రోజుల విమానానికి ఆ ముసలితనం ఎక్కడిది? పైలట్ ఎక్కిదిగే చోట రెక్క మొదట్లో కొద్దిగా గీతలు పడి ఉంటాయి. పెట్రోలు మూత చుట్టూ తడి మరక ఉంటుంది. పొగ గొట్టాల వెనక బూడిద రంగు చార ఉంటుంది. మిగతాదంతా ఇంకా కొత్తే. ఎక్కువ పాతబరచడం ఈ మధ్య మా అభిరుచిలో ఒక అలవాటైపోయింది. మూడు నెలలు కూడా బతకని విమానాలకు ముప్పై ఏళ్ల తుప్పు పట్టిస్తున్నాం. నాకది సరైన పని అనిపించదు. అందంగా ఉండొచ్చు, కానీ ఆ విమానం గురించి అబద్ధం చెబుతుంది.

ఇక కట్టడం మొదలైంది.

మెర్లిన్‌తో మొదలుపెట్టాను. పన్నెండు సిలిండర్లు, వి ఆకారంలో ఆరేసి చొప్పున రెండు వరసలు, 27 లీటర్ల ఇంజిన్. మోడల్లో దాని పొడవు ఏడు సెంటీమీటర్లు. సిలిండర్‌కు రెండేసి స్పార్క్ ప్లగ్గుల లెక్కన ఇరవై నాలుగు వైర్లు. సన్నటి సీసం తీగను ముక్కలు చేసి, పిన్ వైస్ అనే చేతి డ్రిల్‌తో 0.3 మిల్లీమీటర్ల రంధ్రాలు చేసి, ఒక్కొక్కటే పట్టకారుతో దూర్చాను. సీసం తీగ అయితే వంచినచోటే నిలుస్తుంది, రాగిలా వెనక్కి లేవదు. రెండు వారాలు పట్టింది. ఆ పొద్దున విమానం ఎగరడానికి సిద్ధంగా ఉండాలి కాబట్టి మూతలు మూసే ఉంటాయి. అయస్కాంతాలున్నాయి గనక ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసి చూసుకోవచ్చు.

కాక్‌పిట్ దగ్గర చాలా రోజులు ఉండిపోయాను. ఉండాలని ఉండిపోయాను. లోపలంతా బూడిద కలిసిన ఆకుపచ్చ. కానీ సీటు మాత్రం ఆ రంగు కాదు. రెజిన్‌తో అంటించిన కాగితం పొరలను ఒత్తి చేసిన సీట్లు అవి, రంగు వేయకుండా వదిలేస్తే ఎర్రటి గోధుమ రంగులో ఉండేవి. నేను ముందు గోధుమ రంగు వేసి, దానిమీద ఎరుపు కలిపిన పారదర్శకమైన పొర పలచగా పట్టించాను. వెలుతురు పడితే లోపల్నుంచి రంగు వస్తున్నట్టు ఉంది. తలుపుకు తగిలించే ఇనుప గడ్డపారను చాలామంది ఎర్రగా వేస్తారు. అది యుద్ధం తర్వాతి కాలపు రంగు. 1944 విమానంలో అది లోపలి గోడల రంగులోనే ఉండాలి.

చిన్నప్పట్నుంచీ నాకు తెలియని ఒక సంగతి ఈ కాక్‌పిట్ కడుతుంటే అర్థమైంది. థ్రాటిల్ ఎడమ గోడకు ఉంటుంది. చక్రాలు లోపలికి తీసే మీట కుడి గోడకు ఉంటుంది. విమానాన్ని నడిపే కర్ర మధ్యలో. అంటే నేల వదలగానే పైలట్ ఎడమ చేతిని థ్రాటిల్ మీంచి తీసి, కర్రను ఆ చేతిలోకి మార్చుకుని, కుడి చేత్తో చక్రాల మీట లాగాలి. చేతులు మారే ఆ క్షణంలో కొత్త పైలట్ల విమానాలు గాల్లో కాస్త ఎగిరెగిరి పడేవని చదివాను. పుస్తకంలో చదివినప్పుడు అది ఒక వాక్యం మాత్రమే. ఆ మీటను పట్టకారుతో పట్టుకుని కుడి గోడకు అంటిస్తున్నప్పుడు, నా రెండు చేతులూ వాటంతటవే గాల్లో ఆ మార్పు చేసి చూశాయి. జాకీ మాగ్రిడ్జ్ కూడా ఆ ఏప్రిల్ రోజున అలాగే చేతులు మార్చుకుని ఉంటుంది.

గడియారాల పలక మధ్యలో ఆరు పరికరాల గుంపు ఉంటుంది. వేగం, కృత్రిమ క్షితిజం, ఎక్కే దిగే వేగం, ఎత్తు, దిశ, మలుపు. అప్పటి బ్రిటిష్ విమానాల్లో ఈ ఆరూ ఒకే అమరికలో ఉండేవి. ఒక విమానంలోంచి ఇంకోదానిలోకి మారినా పైలట్ కళ్లు వెతుక్కోకూడదని. రోజుకో రకం విమానం నడపాల్సిన ఫెర్రీ పైలట్లకు అదెంత ఆసరాగా ఉండేదో. ఒక్కో గడియారం అద్దం కోసం మెరిసే వార్నిష్ ఒక్కో చుక్క వేశాను. చుక్క ఎక్కువైతే బుడగలా ఉబ్బుతుంది. తక్కువైతే అంచు దాకా పాకదు. ఒకేసారి ఆరూ కుదరలేదు, రెండుసార్లు తుడిచి మళ్లీ వేశాను.

శరీరం రెండు సగాలు అతికించడం గురించి కొత్తవాళ్ల కోసం ఒక మాట. మామూలు జిగురు రెండు వస్తువుల మధ్య నిలబడి పట్టుకుంటుంది. ప్లాస్టిక్ మోడల్ సిమెంట్ అలా కాదు. అది పాలీస్టైరీన్‌ను కరిగిస్తుంది. రెండు అంచులూ కరిగి ఒకదాంట్లో ఒకటి కలిసి, ద్రావకం ఎగిరిపోయాక ఒకే ముక్కగా గట్టిపడతాయి. అందుకే పలచటి సిమెంట్‌ను సందు దగ్గర బ్రష్‌తో తాకిస్తే చాలు, అది తనే లోపలికి పాకుతుంది. పది సెకన్లు ఆగి రెండు సగాల్నీ మెల్లిగా నొక్కితే అతుకు పొడవునా సన్నటి ప్లాస్టిక్ గట్టు పైకి ఉబుకుతుంది. దాన్ని అప్పుడే ముట్టుకోకూడదు. నేను మూడు రోజులు ఆగుతాను. తర్వాత బ్లేడుతో గీకి, 600 నుంచి 2000 దాకా ఎమెరీ కాగితాలు వరసగా పడితే అతుకు ఉండేదన్న గుర్తే మిగలదు. పుట్టీ అవసరం ఒక్కచోటా రాలేదు.

రివెట్ల దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. ఎమెరీ కాగితం అతుకుతో పాటు పక్కనున్న రివెట్లనూ తినేస్తుంది. వాటిని మళ్లీ సూదితో, స్టీలు స్కేలు ఆనించి, ఒక్కొక్కటే పొడిచాను. స్పిట్‌ఫైర్ రివెట్ల గురించి నాకు బాగా ఇష్టమైన కథ ఒకటుంది. మొదటి నమూనా విమానానికి నున్నటి, తల పైకి తేలని రివెట్లు కొట్టారు. ఫ్యాక్టరీలో అది ఖరీదైన, నెమ్మదైన పని. గుండ్రటి తల ఉన్న మామూలు రివెట్లు వాడితే వేగం ఎంత పోతుందో తెలుసుకోవాలి. అందుకోసం విమానం మొత్తం రివెట్లు మార్చలేదు. ఎండు బఠాణీ బద్దలు తెచ్చి, ఒక్కో రివెట్ మీద ఒక్కో బద్ద జిగురుతో అంటించి ఎగరేశారు. గంటకు 22 మైళ్ల వేగం పడిపోయింది. తర్వాత ఒక్కో భాగం నుంచి బద్దలు గీకేస్తూ, మళ్లీ మళ్లీ ఎగరేస్తూ, ఎక్కడ నున్నటి రివెట్లు తప్పనిసరో, ఎక్కడ మామూలువి సరిపోతాయో తేల్చుకున్నారు. ఎంత సులువైన, ఎంత నిజాయితీ గల పరీక్ష! సూదితో రివెట్లు పొడుస్తున్న ఆ నాలుగు రాత్రులూ నాకు ఆ బద్దలు అంటించిన మనుషులే తోడు.

కానపీ దగ్గర పొరపాటు చేశాను. గన్‌సైట్ (తుపాకీ గురిచూసే పరికరం) వెనక చిన్న లోహపు ముక్క ఊడితే, తొందర్లో సూపర్ గ్లూతో అంటించి, అది ఆరకముందే ముందు అద్దం పెట్టేశాను. పొద్దున్న చూస్తే అద్దం లోపలి వైపంతా తెల్లటి మంచు పట్టినట్టుంది. సూపర్ గ్లూ ఆరేటప్పుడు వచ్చే ఆవిరి మూసిన చోట అలా పేరుకుంటుంది. ఈ సంగతి నాకు తెలుసు, తెలిసీ చేశాను. అద్దాన్ని బ్లేడు కొసతో మెల్లగా విడదీసి, మెత్తటి గుడ్డకు పాలిష్ పేస్టు పట్టించి గంటన్నర రుద్ది, తర్వాత పారదర్శకమైన యాక్రిలిక్ వార్నిష్‌లో ముంచి, కొస నుంచి అదనపు చుక్కను కాగితంతో పీల్చి, దుమ్ము పడకుండా గిన్నె బోర్లించి ఆరబెట్టాను. మునుపటికంటే తేటగా వచ్చింది. ముందే ముంచి ఉంటే ఆవిరి పట్టేది కాదు.

రంగుల్లోకి వస్తే, కింద మీడియం సీ గ్రే, పైన ఓషన్ గ్రే మీద డార్క్ గ్రీన్ మచ్చలు. 1941 ఆగస్టు నుంచి బ్రిటన్ పగటి ఫైటర్ల రంగులివే. నేను గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్‌తో చాలా పలచగా, పాలంత చిక్కదనంలో కలిపి వేస్తాను. దానికి కారణం కూడా లెక్కే. మోడల్ మీద రంగు పొర 0.05 మిల్లీమీటర్లే అనుకుందాం. 32తో గుణిస్తే 1.6 మిల్లీమీటర్లు. అసలు విమానం మీద అంత మందాన రంగు వేస్తే అది ఎగిరేదా? ఎంత పలచగా వేసినా మన పొర మందమే. అందుకే ప్రతి పొర వేసేముందూ ఇది నిజంగా కావాలా అని అడుక్కోవాలి. బ్రిటిష్ వాయుసేన గుర్తు అయిన రంగుల వలయాలకూ ఓయూ-వీ అక్షరాలకూ డెకాల్స్ వాడకుండా, ఆ ఆకారాల్లో మాస్కులు కోసి రంగే వేయడానికి కూడా అదే కారణం. శరీరం పక్కనున్న వలయం 36 అంగుళాలు, మోడల్ మీద 2.86 సెంటీమీటర్లు. వృత్తాలు కోయడం నా వృత్తి నేర్పిన పని. ఏడు నెలల తర్వాత విమానం నేను గీసిన ఏ డ్రాయింగుకూ తీసిపోనంత శుభ్రంగా నిలబడింది.

ఆ శుభ్రత మీద ఇప్పుడు చారలు వేయాలి.

చారలు ఎందుకొచ్చాయో తెలిస్తేనే అవి ఎలా ఉండాలో తెలుస్తుంది. 1943 జూలైలో సిసిలీ మీద సొంత నౌకలు, సొంత సైన్యం పేల్చిన తుపాకులకే 23 అమెరికన్ రవాణా విమానాలు కూలిపోయాయి. నార్మండీ మీద అలాంటిది జరగకూడదని నాలుగు ఇంజిన్ల బాంబర్ల లాంటివి తప్ప దాదాపు ప్రతి విమానానికీ రెక్కల మీదా శరీరం మీదా తెలుపు, నలుపు, తెలుపు, నలుపు, తెలుపు అని ఐదు చారలు వేయించారు. ముందే వేస్తే శత్రువుకు తెలిసిపోతుంది. అందుకని ఫైటర్లకు ఉత్తర్వు వెళ్లింది జూన్ 4న. వేల విమానాలు, ఒకటి రెండు రోజుల వ్యవధి. ఫొటోల్లో చూస్తే దొరికినవాళ్లు దొరికిన బ్రష్ పట్టుకుని వేస్తుంటారు. స్పిట్‌ఫైర్ లాంటి ఒంటి ఇంజిన్ విమానాలకు ఒక్కో చార 18 అంగుళాల వెడల్పు అని ఉత్తర్వులో ఉంది. ఆ 18 అంగుళాలు నాకు 14.3 మిల్లీమీటర్లు.

అంటే ముప్పై ఎనిమిది రోజుల కొత్త విమానం, దాని మీద నిన్న సాయంత్రం గబగబా పులిమిన చారలు. టేపు అంటించి ఎయిర్‌బ్రష్ కొడితే గంటలో గీత గీసినట్టు వచ్చేస్తాయి. కానీ ఆ పొద్దున అవి అలా లేవు. నా చేతికి వంకర గీత అంటే తప్పు. ఇరవై రెండేళ్లుగా అదే నేర్పాను.

ముందు ప్లాస్టిక్ షీటు మీద సాధన చేశాను. మూడంగుళాల బ్రష్‌ను 32తో భాగిస్తే 2.4 మిల్లీమీటర్లు. కాబట్టి రెండు మిల్లీమీటర్ల చదును బ్రష్ తీసుకున్నాను. కావాలని చెయ్యి వణికించాను. వచ్చిన వంకర చూస్తే నాకే నచ్చలేదు. అలలు అలలుగా, సమాన దూరాల్లో, ఎవరో శ్రద్ధగా గీసిన వంకర. మళ్లీ ఫొటోలు ముందేసుకుని కూర్చున్నాను. నిజమైన చారలు అన్నిచోట్లా వంకరగా లేవు. చెయ్యి సుఖంగా ఆడే చోట, రెక్క పైన ముందంచు దగ్గర, దాదాపు తిన్నగానే ఉన్నాయి. శరీరం గుండ్రంగా కిందికి తిరిగే చోట, వలయం అడ్డొచ్చిన చోట తప్పాయి. రెక్క కింద, వెల్లకిలా పడుకుని వేయాల్సిన చోట తప్పాయి. వంకర వచ్చింది చేతిలోంచి కాదు, మనిషి ఒంగిన తీరులోంచి.

అప్పుడు ఒక నియమం పెట్టుకున్నాను. విమానాన్ని తిరగేయకూడదు. ఆ రోజు ఎవరూ స్పిట్‌ఫైర్‌ను వెల్లకిలా పడుకోబెట్టి చారలు వేయలేదు. దాన్ని చక్రాల మీద నిలబెట్టి, చక్రాల కింద రెండు పుస్తకాల దొంతరలు పెట్టి, కింద చెయ్యి పట్టేంత ఎత్తు చేశాను. టేపు లేదు. పెన్సిల్‌తో రెండు మూడు గుర్తులు, అంతే. గంటలో అయిపోవాలని గడియారం పెట్టుకున్నాను.

రెండో రెక్క మా అమ్మాయికిచ్చాను. ఒక విమానానికి ఒక్కడే చారలు వేసుండడు కదా. అది సంబరపడింది గానీ, బ్రష్ పట్టుకునేసరికి భయపడింది. "ఏడు నెలలు చేశావు నాన్నా, పాడైతే?" అంది.

"వాళ్లకూ అలాగే అనిపించి ఉంటుందమ్మా. కొత్త విమానం కదా."

నేను ఎడమ వైపు, అది కుడి వైపు. బల్ల అంచుకు గడ్డం ఆనించి, కిందినుంచి పైకి చూస్తూ, మోచెయ్యి ఎక్కడా ఆనకుండా రెక్క అడుగున తెలుపు వేస్తుంటే మెడ పట్టేసింది, రంగు బ్రష్ కాడ వెంట మణికట్టు మీదికి కారింది. చెయ్యి వణికించాల్సిన పనే రాలేదు. రేడియేటర్ పక్కన బ్రష్ పట్టక అక్కడొక వేలెడు మేర బూడిద రంగు అలాగే మిగిలిపోయింది. నలుపు మొదలెట్టేసరికి తెలుపు కొన్నిచోట్ల పూర్తిగా ఆరలేదు, రెండూ కలిసి అంచు మురికి పట్టింది. గంటకు ఇంకో పన్నెండు నిమిషాలు పట్టాయి.

ఆరాక రెండు వైపులా చూశాను. నా చారలు మందంగా, అంచులు కాస్త పట్టుదలగా ఉన్నాయి. తన చారలు పలచగా ఉన్నాయి, తెలుపు లోంచి కింది ఓషన్ గ్రే తొంగిచూస్తోంది, కుంచె నడిచిన దారి ముందు నుంచి వెనక్కి కనిపిస్తోంది. శరీరం మీద సీరియల్ నంబర్ దగ్గర అది ఆగి, ఎం అక్షరం చుట్టూ జాగ్రత్తగా తప్పించుకుని, మళ్లీ తిన్నగా వెళ్లింది. ఆనాటి ఫొటోల్లో సీరియల్ చుట్టూ ఇలాగే చోటు వదిలిన విమానాలున్నాయి. ఆ మాట నేను తనకు చెప్పలేదు. అక్షరాలు కప్పేస్తే అది ఏ విమానమో తెలియదు కదా అంది.

తర్వాతి పని కొంచెమే. మ్యాట్ వార్నిష్ రెండు పలచటి పొరలు. పొగ గొట్టాల వెనక, ఒక్కో వైపు ఆరేసి గొట్టాలకు, బూడిద రంగు పొగ చార. ఏరియల్ కర్ర మాత్రం పెట్టాను, తీగ లాగలేదు. విహెచ్‌ఎఫ్ రేడియో వచ్చాక కర్ర నుంచి తోకకు తీగ ఉండేది కాదు.

అన్నిటికంటే చివర రెక్క ముందంచున నాలుగు చిన్న ఎర్ర ముక్కలు. బ్రౌనింగ్ తుపాకుల రంధ్రాల్లోకి దుమ్మూ తేమా పోకుండా వాటి మీద గుడ్డ అంటించేవారు. మొదటి గుండుతోనే అది చిరిగిపోతుంది. దిగొచ్చిన విమానం రెక్క చూస్తే, పైలట్ పేల్చాడో లేదో నేల మీది వాళ్లకు చెప్పకుండానే తెలిసేది. ఎర్ర రంగు వేసిన పలచటి కాగితాన్ని రెండు మిల్లీమీటర్ల చదరాలుగా కోసి, మా అమ్మాయి పట్టకారుతో అందిస్తుంటే ఒక్కొక్కటే అంటించాను. నాలుగూ చిరగకుండా ఉన్నాయి. తుపాకుల వెనక రెక్క కింద మసి ఎక్కడా వేయలేదు. మధ్యాహ్నానికి ఇంకా టైముంది.